నూకయ్య దించిన గేర్ రాడ్డు

గజపతినగరంలో రాయగడ వెళ్ళే రోడ్డు మీద, రైసుమిల్లు దాటాక ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా లేదు. బండి పాడైనవాడు బోర్డులు చదువుకుంటూ రాడని షెడ్డు యజమాని నూకయ్య నమ్మకం. అసలు మాటలంటేనే అతనికి గిట్టదు. ఎవరైనా బండి తోసుకొచ్చి, "మూడో గేరులో ఏదో చప్పుడు..." అని మొదలెట్టారో లేదో చెయ్యి అడ్డం పెట్టేస్తాడు.

"నువ్వు సెప్పకు. ఎక్కి ఒక రౌండు కొట్టుకొని రా. నాను సూస్తాను."

అతను చూసేది బండిని కాదు, ఎక్కినవాణ్ణి. ఏ భుజం వంగుతోంది, ఏ చెయ్యి వణుకుతోంది, బ్రేకు తొక్కేటప్పుడు ముఖం ఎలా పెడుతున్నాడు, అన్నీ చూస్తాడు. మర్నాటికి బండి ఆ మనిషికి సరిపోయేలా తయారవుతుంది. ఏం చేశాడో మాత్రం చెప్పడు. విజయనగరంలో సంగీతం పాఠాలు చెప్పే కూర్మనాథం మాస్టారు ఏడేళ్ళ క్రితం స్కూటరు స్టార్టవడం లేదని తీసుకొచ్చారు. ఆయన కిక్కు కొట్టే తీరు నూకయ్య ఒక్కసారి చూశాడు. కుడి మోకాలు బాగాలేదు. మర్నాటికి కిక్కు రాడ్డు రెండంగుళాలు పొడుగైంది. "నీ చేతిలో ఏముందయ్యా, తాకితే స్టార్టవుతోంది!" అని మాస్టారు మురిసిపోయారు. "ఏదో సేసినాన్లెండి" అన్నాడు నూకయ్య. ఆ 'ఏదో' అనే మాటలో ఎంత గర్వం ఉందో అతనికి తెలుసు, అతని భార్య లక్ష్మణమ్మకి తెలుసు.

ఇదీ అతని పని పద్ధతి. ఝాన్సీ కొంప ముంచింది ఈ పద్ధతే.

ఝాన్సీది శృంగవరపుకోట దగ్గర పల్లె. వాళ్ళ నాన్న వరీ గోగూ వేసుకునే రైతు. పద్దెనిమిదేళ్ళప్పుడు నాన్న బండి బాగు చేయించడానికి ఈ షెడ్డుకి వచ్చింది. మామూలుగానే ఒక రౌండు కొట్టుకు రమ్మన్నాడు నూకయ్య. వెళ్ళింది, వచ్చింది. మలుపులో ఆ పిల్ల బండిని వంచిన తీరు చూసి, బండికి ఏం రోగమో చూడ్డం కూడా మరచిపోయి విజయనగరంలో జగన్నాధానికి ఫోను చేశాడు. జగన్నాధానికి ట్రాక్టర్ విడిభాగాల దుకాణం ఉంది, దాంతోపాటు మోటారుసైకిల్ రేసుల పిచ్చి ఉంది. రెండు బండ్లు, ఒక పాత వ్యాను, వీపు మీద తన బొమ్మ అచ్చేసిన చొక్కాలు, వెరసి ఒక టీము. దానికి మెకానిక్కు నూకయ్య. ఆ రోజు నుంచి రైడరు ఝాన్సీ.

నూకయ్య ఆ పిల్లకి రక్తసంబంధమేమీ కాదు. అయినా మొదటి వారంలోనే 'మావా' అంది. పిల్లలు లేని ఆ ఇంట్లో లక్ష్మణమ్మ పెట్టిన అంబలి తాగి, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళేది.

రెండేళ్ళ క్రితం మట్టి ట్రాకు మీద ప్రాక్టీసులో బండి ఆమె ఎడమకాలి మీద పడింది. చీలమండ విరిగింది. విశాఖపట్నంలో ఆపరేషను, నాలుగు నెలలు మంచం. డాక్టరు ఏడాదిపాటు రోజూ పాదం వ్యాయామం చేయమన్నాడు. ఐదో నెలలో బండెక్కింది. తిరిగి వచ్చేసరికి హెల్మెట్ లోపల ఏడుస్తోంది.

"గేరు పడ్డం నేదు మావా. పాదం పైకి లెగడం నేదు. నా పనైపోనాది."

తెల్లారి ఆమె రాకముందే నూకయ్య షెడ్డు తెరిచాడు. గేర్ రాడ్డు బిగించే ఇరుసు చుట్టూ సన్నటి పళ్ళుంటాయి. రాడ్డు ఊడదీసి ఒక పన్ను కిందికి బిగిస్తే దాని కొస వేలెడు మందం కిందికి దిగుతుంది. పై గేరు వెయ్యాలంటే బూటు కొసని దాని కింద పెట్టి ఎత్తాలి కదా. పాదం పూర్తిగా ఎత్తలేనివాళ్ళకి ఆ వేలెడు మందం తగ్గితే చాలు. బిగించి, గుడ్డతో తుడిచి, ఏమీ ఎరగనట్టు టీ తాగుతూ కూర్చున్నాడు.

ఝాన్సీ వచ్చింది, ఎక్కింది, నాలుగు గేర్లూ వేసింది. మిల్లు దాకా వెళ్ళి అరుచుకుంటూ తిరిగొచ్చింది. "మావా! కాలు బాగైపోనాది!"

ఆ ముఖం చూశాక ఏం చెప్పగలడు? అప్పుడు చెబితే ఆ నవ్వు పోతుందనుకున్నాడు. వారం పోయాక చెబుదామనుకున్నాడు. వారం నెలైంది. ఆమె గెలవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళ జాతీయ పోటీల్లో ఆ ఏడాది మొదటి స్థానం, మరుసటేడూ మొదటి స్థానమే. టీముకి కొత్త బండి వస్తే, వచ్చిన సాయంత్రమే దాని గేర్ రాడ్డు కూడా ఒక పన్ను కిందికి దిగేది. జగన్నాధానికి తెలియదు, ఝాన్సీకి తెలియదు. నూకయ్య ఒక్కడే తన కడుపులో దాచుకుని, పోడియం కింద నిలబడి చప్పట్లు కొట్టేవాడు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో కోయంబత్తూరు టీము ఒకటి ఆమెను పిలిచింది. ఆడా మగా తేడా లేకుండా దేశంలో మంచి రైడర్లంతా పరుగెత్తే పై క్లాసు. మన పక్క నుంచి అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు నూకయ్యకి తెలిసి ఎవరూ లేరు. షరతు ఒక్కటే. మొదటి మూడు రౌండ్లు పరీక్ష. మూడో రౌండు అర్హత పరుగులో మొదటి పన్నెండు మందిలో ఉండకపోతే ఆ సీటు ఇంకొకరికి. మెకానిక్కులు వాళ్ళ దగ్గరే బోలెడుమంది ఉన్నారు కాబట్టి నూకయ్యని ఎవరూ పిలవలేదు.

"నేర్పింది మనం, పట్టుకుపోయింది ఆళ్ళు" అని జగన్నాధం నెల్లాళ్ళు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నూకయ్య మాత్రం విజయనగరం స్టేషనుకి వెళ్ళి రైలెక్కించాడు. రైలు కదిలేటప్పుడు చెబుదామని నోరు తెరిచాడు కూడా. "జాగర్త" అన్నాడు. అంతే వచ్చింది.

మొదటి రౌండులో ఝాన్సీ పదహారోది. కొత్త బండి, కొత్త ట్రాకు, అలవాటవ్వాలి కదా అని సరిపెట్టుకున్నాడు. రెండో రౌండు షెడ్డులో ఫోను ముందు కూర్చుని చూశాడు. ఎడమ మలుపు దాటి అందరూ తిన్నటి దారిలోకి వస్తూ గేరు మారుస్తున్నారు. ఒకరి మోకాలూ ట్యాంకు మీంచి కదలడం లేదు. ఝాన్సీ ఎడమ మోకాలు మాత్రం ప్రతిసారీ పైకి లేస్తోంది. పాదం ఎత్తలేక కాలు మొత్తం తుంటి దగ్గర్నుంచి ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ బండి ఊగుతోంది, వెనకవాడు దాటిపోతున్నాడు. వ్యాఖ్యానం చెబుతున్నవాడు 'అనుభవం చాలడం లేదు' అంటున్నాడు.

"అనుభవం కాదురా, రాడ్డు!" అని నూకయ్య ఫోను మీద అరిచాడు. రోడ్డు మీద పోతున్న ఆటోవాడు ఆగి చూశాడు.

ఆ సాయంత్రం ఝాన్సీ ఫోనెత్తింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఝాన్సీ, నీ గేర్ రాడ్డు ఒక పన్ను కిందికి దింపించుకో."

"ఎందుకు మావా?"

"దింపించుకో. నాను సెప్తన్నాను కదా."

"ఇది మన షెడ్డు కాదు మావా. ఇక్కడ బండిలో ఏది మార్సాలన్నా నానే అడగాల. కాగితం మీద రాయాల. ఎందుకో కూడా రాయాల. ఏటని రాయమంటావు? మా మావ సెప్పినాడని రాయనా?"

ఎందుకో చెప్పడానికి నాలుగు మాటలు చాలు. నీ కాలు పూర్తిగా బాగవలేదమ్మా. రెండేళ్ళుగా గెలుస్తున్న పిల్లకి ఓడిపోయిన రోజున ఫోనులో ఆ మాట ఎలా చెబుతాడు?

"రాడ్డు కాదు మావా" అంది ఝాన్సీయే. "నాకు సేత కావడం నేదు. ఈళ్ళ క్లాసు ఏరు, నా క్లాసు ఏరు. ఇన్నాళ్ళూ తెలీనేదు, ఇప్పుడు తెలిసినాది."

"అది కాదే గుంటా..."

"మీటింగుకి పిలస్తన్నారు. ఉంటాను."

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు. మూడో రౌండుకి ముందు వారమంతా రైడర్ల ఫోన్లు మేనేజరు దగ్గర ఉంటాయని జగన్నాధం దుకాణంలో తెలిసింది. ఆ మేనేజరు నంబరు అక్కడే అడిగాడు నూకయ్య. జగన్నాధం కాలు మీద కాలు వేసుకుని నవ్వాడు.

"నంబరు ఉన్నాది, ఇవ్వను. నీకెందుకంత కంగారు? మూడో రౌండు అవ్వనీ, ఆళ్ళే పంపించేస్తారు. అదిగో, దాని బండి కవరు కప్పి అలాగే ఉంచినాను. తిరిగొస్తే నీ దగ్గరికే కదా వస్తాది?"

కవరు కింద ఆ బండి ముందు చక్రం కనిపిస్తోంది. ఒక్క క్షణం నూకయ్య గుండె తేలికైంది. ఝాన్సీ మళ్ళీ షెడ్డుకి రావడం, లక్ష్మణమ్మ అంబలి పోయడం కళ్ళకు కట్టింది. మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. తను నోరు మూసుకుంటే చాలు, ఆ పిల్ల భవిష్యత్తు దానంతటదే ఈ దుమ్ము కవరు కిందికి వచ్చేస్తుంది. ఇంత సుఖమైన పాపం ఇంకోటి ఉండదు. జగన్నాధం టీ తెప్పిస్తానంటున్నా వినకుండా బస్సెక్కేశాడు.

ఇంటికొచ్చి లక్ష్మణమ్మకి మొదటిసారి అంతా చెప్పాడు. ఆమె కత్తిపీట ముందు వంకాయలు తరుగుతోంది. చెయ్యి ఆగిపోయింది.

"రెండేళ్ళు దాసినావా?"

"మంచికే సేసినాను."

"నీ మంచి తగలెయ్య! ఆ కాలు నీదా, ఆ గుంటదా? దాని కాల్లో ఏటున్నాదో దానికి తెలీకుండా నువ్వు సర్దీడానికి అదేటి, కార్బరేటరా?"

"ఇప్పుడు ఫోనెత్తడం నేదు."

"అయితే రైలెక్కు. రెండు కాళ్ళూ బాగానే ఉన్నాయి కదా నీకు."

ఆ మాటకి నూకయ్యకి కోపం వచ్చింది. భార్య మీద కాదు, ఎవరి మీదో తెలియని కోపం. సంచీలో ఒక జత బట్టలూ, అలవాటుకొద్దీ ఒక స్పానరూ పడేసుకుని జనరల్ పెట్టెలో నిలబడి చెన్నై వెళ్ళాడు. మూడో రౌండు జరిగే ట్రాకుకి అక్కణ్ణుంచి ఒక బస్సు, ఒక షేర్ ఆటో. శనివారం పదకొండు గంటలకి ట్రాకు గేటు దగ్గర దిగాడు. మధ్యాహ్నం రెండింటికి అర్హత పరుగు.

గేటు కాపలావాడు పాసు అడిగాడు. లేదు. టీము పేరు అడిగాడు, చెప్పాడు. వాళ్ళ జాబితాలో నీ పేరు లేదన్నాడు. "ఆ పిల్లకి మావయ్యని" అంటే, రైడర్లందరికీ రేసురోజున మావయ్యలు పుట్టుకొస్తారని అరవంలో ఏదో అని నవ్వాడు. టికెట్టు కొనుక్కుని ప్రేక్షకుల మెట్ల మీదికి వెళ్ళమన్నాడు. మెట్ల మీంచి టీము షెడ్లు అగ్గిపెట్టెలంత కనిపిస్తున్నాయి. ఎండ మాడ్చేస్తోంది. పన్నెండైంది. అక్కడ కూర్చుని ఏం లాభం? దిగి, ఇనుప కంచె పట్టుకుని దాని వెంట నడిచాడు. ముళ్ళకంపలు, మురికి కాలవ, జనరేటర్ల పొగ. ఒక కాపలావాడు తరిమితే చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాడు. ఒంటి గంటకి టీము షెడ్ల వెనక్కి చేరాడు. కంచెకి అటుపక్క, ఝాన్సీ టీము చొక్కా వేసుకున్న మనిషి ఒకడు కప్పు పట్టుకుని కాఫీ తాగుతున్నాడు.

"బాబూ! ఝాన్సీ మెకానిక్కుని! విజయనగరం!"

అతని పేరు ఈశ్వర్, టీము ఇంజినీరు. విశాఖపట్నంలో మూడేళ్ళు పనిచేసినవాడు కావడం నూకయ్య అదృష్టం. తెలుగు అర్థమవుతుంది, కాస్త మాట్లాడతాడు.

"రైడర్ ఇప్పుడు రాదు సార్. గంటలో క్వాలిఫైయింగ్."

"ఆ పిల్ల గేర్ రాడ్డు ఎత్తుగా ఉన్నాది బాబూ. ఒక పన్ను దింపాల."

ఈశ్వర్ భుజాలెగరేశాడు. "మొదటిరోజే అడిగాను సార్. ఎత్తు సరిపోయిందా అని. సరిపోయింది అంది. మూడు రౌండ్లూ అడిగాను. రైడర్ అడగనిది మేము ముట్టుకోం."

నూకయ్యకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అడగకుండా అన్నీ చేసిపెట్టి ఆ పిల్లకి అడగడమే రాకుండా చేసిన టీము ఒకటి. అడిగితే తప్ప ఏదీ చెయ్యని టీము ఇంకొకటి. ఈ రెంటి మధ్యా ఆమె నలిగిపోతోంది. మొదటి టీము తానే.

"ఎందుకు దింపాలి, చెప్పండి. నేను మాట్లాడతాను" అన్నాడు ఈశ్వర్.

"ఆ మాట ముందు ఆ పిల్లకి సెప్పాల. తరవాతే నీకు. నీకు దండం పెడతాను బాబూ, రెండు నిమిషాలు పిలు."

ఈశ్వర్ అతన్ని ఎగాదిగా చూశాడు. చొక్కా చిరిగింది, మోచేతి మీద ముల్లు గీసిన రక్తం. కప్పు పారేసి లోపలికి వెళ్ళాడు.

ఝాన్సీ తోలు సూటులో సగం దూరి, చేతులు నడుముకి కట్టుకుని వచ్చింది. చిక్కిపోయింది. కంచెలోంచి మావని చూసి ముందు నవ్వింది, తర్వాత భయపడింది. "అత్తకేటైనాది?"

"అత్తకేటీ అవ్వనేదు. నీ ఎడంకాలు బాగవ్వనేదమ్మా."

ఎన్ని రోజులుగానో అడ్డం పడ్డ మాట ఇంత మొరటుగా బయటికొస్తుందని అతనూ అనుకోలేదు. ఇక ఆపకుండా చెప్పేశాడు. ఆ పొద్దున చేసిన పని, ప్రతి కొత్త బండికీ చేసిన పని, రైలు కదిలేటప్పుడు నోరు పెగలకపోవడం. ఝాన్సీ కంచె తీగ పట్టుకుని కదలకుండా విన్నది.

"డాక్టరు ఏడాది వ్యాయామం సెయ్యమన్నాడు మావా" అంది చివరికి. "ఐదు నెలలకి ఆపీసినాను. ఎందుకో తెలుసా? బాగైపోనాదనుకొని."

ఆ సంగతి నూకయ్యకి ఇప్పటిదాకా తట్టలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. తను దించింది రాడ్డొక్కటే అనుకున్నాడు. ఆ పిల్ల కాలు బాగయ్యే అవకాశాన్నే తీసేశాడని ఇప్పుడు, ఈ మురికి కాలవ పక్కన తెలిసింది. ఆమె వెనక్కి తిరిగి, పరుగూ నడకా కాకుండా షెడ్డులోకి వెళ్ళిపోయింది.

కంచె సందులోంచి కనిపిస్తూనే ఉంది. ఝాన్సీ ఏదో చెప్పింది. ఈశ్వర్ కాగితం ముందుకు తోశాడు. ఆమె రాసింది, కింద సంతకం పెట్టింది. ఈశ్వర్ మోకాలి మీద కూర్చుని బోల్టు వదులు చేసి, రాడ్డు లాగి, ఒక పన్ను దించి బిగించాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రెండు నిమిషాల పని కోసం మూడు నెలలు, రెండు రౌండ్లు, ఒక పిల్ల ధైర్యం మొత్తం తగలబడ్డాయి. నూకయ్య సంచీలో స్పానరు పట్టుకుని కంచె ఇవతల నిలబడి ఉన్నాడు.

అర్హత పరుగులో ఝాన్సీ తొమ్మిదోది. మైకులో పేరు వినబడగానే నూకయ్య ఒక్కడూ కంచె దగ్గర గెంతాడు. తర్వాత చాలాసేపు ఎవరూ రాలేదు. ఎండ వాలుతుండగా ఝాన్సీ వచ్చింది. సూటు తీసేసి మామూలు బట్టల్లో ఉంది. సంతోషం లేదు, కోపం కూడా పైకి లేదు.

"సీటు ఉంచినారు మావా."

"సూసినాను తల్లీ."

"ఒక మాట అడుగుతాను. దాసకుండా సెప్పు. ఈ రెండేళ్ళూ గెలిసింది నానా, నువ్వా?"

ఆ కప్పులన్నీ షెడ్డులో అరలో ఉన్నాయి. లక్ష్మణమ్మ వారానికోసారి తుడుస్తుంది. వాటి కేసి చూసుకుంటూ నూకయ్య ఎన్నిసార్లు 'ఏదో సేసినానులే' అనుకుని మురిసిపోయాడు! ఆ మురిపెం ఆ పిల్లకి కంచె అవతల్నుంచే కనిపించినట్టుంది. 'నువ్వే' అని వెంటనే అనాల్సింది. అనలేదు. ఆమె కాసేపు చూసి, "బేగి ఎల్లు, రైలు దొరకదు" అని వెళ్ళిపోయింది.

తర్వాత నెలన్నర ఫోను లేదు. నూకయ్య పని చేశాడు, తిన్నాడు, కసురుకున్నాడు. ఒకసారి జగన్నాధం కొత్త రైడర్ని తీసుకొస్తానంటే ఫోను పెట్టేశాడు. ఝాన్సీ నాలుగో రౌండులో ఎనిమిది, ఐదో రౌండులో ఆరు. షెడ్డులో కూర్చుని చూశాడు, ఒక్కసారీ చప్పట్లు కొట్టలేదు.

ఒక బుధవారం పొద్దున రాయగడ బస్సు దిగి ఝాన్సీ నేరుగా షెడ్డులోకి వచ్చింది. పలకరింపు లేదు. స్టూలు లాక్కుని కూర్చుని రెండు బూట్లూ, మేజోళ్ళూ విప్పేసింది. మడమలు నేలకి ఆనించి, రెండు పాదాల ముందుభాగాలూ ఎత్తగలిగినంత ఎత్తింది.

"కొలు."

"ఏటి?"

"నేల నుంచి వేలి కొస దాకా. రెండూ కొలు. కొలిసి నోటితో సెప్పు."

నూకయ్య స్కేలు తెచ్చి నేల మీద కూర్చున్నాడు. కుడిపాదం కొలిచాడు. ఎడమపాదం కొలిచాడు. నమ్మలేనట్టు మళ్ళీ కొలిచాడు. చీలమండ మీద కుట్ల గుర్తు పక్కనే ఉంది.

"కుడిది నాలుగంగుళాలు."

"ఎడంది?"

"రెండుంబావు."

ఝాన్సీ కాసేపు ఆ పాదం కేసి చూసుకుంది. "ఇంతేనా? ఒకటీ ముప్పావు. ఇంతదానికా మావా, రెండేళ్ళు నోరు మూసుకున్నావు? వ్యాయామం మళ్ళీ మొదలెట్టినాను. టీము డాక్టరు సగం తిరిగొస్తాదన్నాడు. మిగతా సగం రాదంట. రెండేళ్ళ క్రితమైతే మొత్తం వచ్చేదంట."

చివరి వాక్యం ఆమె గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే నూకయ్యకి తేలికగా ఉండేది.

"గెలిసింది నువ్వేనమ్మా" అన్నాడు స్కేలు కేసి చూస్తూ. "నాను దింపింది ఒక్క పన్ను. ఆ మలుపులన్నీ నువ్వే తిప్పినావు. ఆరోజే సెప్పాల్సింది. సెప్పనేదు."

ఝాన్సీ సుద్దముక్క తీసుకుని గోడ మీద తేదీ వేసి, పక్కన రెండుంబావు అని రాసింది. "నెలకోసారి వస్తాను. పెరిగితే సెప్పాల, పెరక్కపోతే అదీ సెప్పాల."

"సెప్తాను."

బూట్లు తొడుక్కుంటూ ఉండగా షెడ్డు ముందు స్కూటరు ఆగింది. కూర్మనాథం మాస్టారు దిగుతూ ఒక చేత్తో సీటు పట్టుకుని, కుడికాలిని మెల్లిగా నేల మీదికి దించారు. ఏడేళ్ళ క్రితం కంటే ఇప్పుడు ఎక్కువ సేపు పట్టింది. "నూకయ్యా, మళ్ళీ స్టార్టవడం లేదయ్యా. నీ చెయ్యి ఒకసారి పడాలి" అన్నారు నవ్వుతూ.

నూకయ్య చూపు అలవాటుగా కిక్కు రాడ్డు మీదికి పోయింది. ఇంకో అంగుళం పొడిగిస్తే సరిపోతుంది. సాయంత్రానికి అయిపోతుంది, మాస్టారు మళ్ళీ మురిసిపోతారు. ఝాన్సీ లేసు కట్టుకోవడం ఆపి అతన్నే చూస్తోంది.

నూకయ్య చేతులు గుడ్డకి తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"బండి తరవాత సూద్దారి మాస్టారూ. మీ కుడి మోకాలు... అదెప్పుట్నుంచి నొప్పెడతన్నాదండి?"

మాస్టారు నవ్వు ఆగిపోయింది. వంగి మోకాలి మీద చెయ్యి వేసుకున్నారు. "నేనెవరితోనూ అనలేదే" అన్నారు. తలెత్తి అడిగారు. "నీకెన్నాళ్ళ నుంచి తెలుసయ్యా?"